మనసు నొప్పికి వైద్యం: గురుసిక్కు ఏం చేయాలి?

ఒంట్లో నొప్పి ఉంటే మనం దాచుకోము. మోకాళ్లు పట్టేశాయని దీవాన్‌లో పక్కన కూర్చున్నవారికి చెప్పుకుంటాం. షుగర్ మాత్ర వేసుకున్నావా అని లంగర్ పంగత్‌లోనే ఒకరినొకరు అడుగుతాం. గుండెకు స్టెంటు వేయించుకుని ఇంటికి వచ్చినవారిని పళ్లు పట్టుకెళ్లి పలకరించి వస్తాం. కానీ "నెల రోజులుగా నిద్ర లేదు, ఏ పనిమీదా మనసు నిలవడం లేదు, కీర్తన వింటున్నా లోపల ఏమీ కదలడం లేదు" అనే మాట మన గురుద్వారాల్లో ఎంతమంది నోట విన్నాం? అలాంటి బాధ పడుతున్నవారు మనలో ఉన్నారు. దాన్ని చెప్పుకునే చోటు వారికి కనిపించడం లేదు.

ఆ చోటు గురించే ఈ చిన్న పుస్తకంలో మాట్లాడుకుందాం. వయసొచ్చినవారు, సంసారం మోస్తున్నవారు, నలుగురికీ ధైర్యం చెప్పేవారు తమ మనసు బాధకు వైద్యుడి దగ్గరికి వెళ్లవచ్చా? వెళితే గురువు మీద నమ్మకం తక్కువైనట్టా? గురుమతం దీనికి ఏం చెబుతుందో గురుచరిత్రను ముందు పెట్టుకుని చూద్దాం.

దాచుకున్న నొప్పి ఎంత పెద్దది

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో పంజాబ్‌తో సహా 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పెద్దవారిలో నూటికి 10 మందికి పైగా ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వారిలో ఎక్కువమందికి చికిత్స అందడం లేదు. ఆ లోటు జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 వరకు ఉంది. గురుపురబ్ రోజున మన దర్బార్ హాలులో రెండు వందల మంది పెద్దవారు కూర్చున్నారనుకుందాం. ఈ లెక్కన వారిలో ఇరవై మంది దాకా తల వంచి మత్థా టేకుతూనే లోపల నలిగిపోతూ ఉండవచ్చు. అందులో ముగ్గురో నలుగురో తప్ప మిగిలినవారు ఏ వైద్యుడికీ చూపించుకుని ఉండరు.

వారు ఎవరు? నలభై ఏళ్ల ఒక గృహస్థును ఊహించుకుందాం. దుకాణం నడుపుతాడు, నిత్‌నేమ్ తప్పడు, జోడాఘర్‌లో సేవ చేస్తాడు. చిన్నతనంలో ఇంట్లో తిన్న దెబ్బలు, పడ్డ మాటలు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తన కొడుకు గట్టిగా మాట్లాడితే చాలు, ఒళ్లంతా వణికేంత కోపం వస్తుంది. ఆ తర్వాత సిగ్గు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. అమృతవేళ లేస్తున్నాడని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. నిద్ర పట్టక లేస్తున్నాడని ఎవరికీ తెలియదు. అలాగే తల్లి పోయి రెండేళ్లయినా దుఃఖంలోంచి బయటికి రాలేని కూతురు, కాన్పు తర్వాత బిడ్డను ఎత్తుకోవాలనిపించక తనను తానే తిట్టుకునే కోడలు, రిటైరయ్యాక ఎవరికీ అక్కర్లేనివాడినయ్యానని రోజులు లెక్కపెట్టుకునే తాతయ్య. వీరంతా మనవాళ్లే.

వీరి మౌనానికి కారణాలు ఉన్నాయి. 1947లో ఇల్లూ పొలమూ వదిలి వచ్చిన తరం ఏడవడానికి కూడా తీరిక లేకుండా బతుకును మళ్లీ కట్టుకుంది. 1984 నవంబరులో కళ్ల ముందే అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలు పిల్లల కోసం పళ్లబిగువున నిలబడ్డాయి. ఆ ధైర్యానికి మనం చేతులెత్తి నమస్కరించాలి. అయితే అలాంటి ఇళ్లలో కొన్నిచోట్ల, బాధను గురించి మాట్లాడకపోవడమే బలం అన్న పాఠం పిల్లలకు మిగిలింది. తెలుగు నేల మీద పుట్టి పెరిగిన మనకూ ఇది కొత్త కాదు. మగవాడు ఏడవకూడదని, ఇంటి గుట్టు రట్టు చేయకూడదని విని పెరిగినవాళ్లమే.

వైద్యుడు వచ్చిన సాఖీ

మనసు బాధకు డాక్టరు ఎందుకు అనేవారు తరచుగా ఒక సాఖీ చెబుతారు. తల్వండీలో గురు నానక్ దేవ్ జీ యువకులుగా ఉన్న రోజుల్లో తిండి తగ్గించి, మాట తగ్గించి, ఏకాంతంగా ఉండిపోయారు. తల్లిదండ్రులు భయపడి వైద్యుణ్ని పిలిపించారు. ఆయన వచ్చి చేయి పట్టుకుని నాడి చూశాడు. నొప్పి చేతిలో లేదు, గుండె లోతుల్లో ఉందని గురు సాహిబ్ ఆయనకు చెప్పారు. "చూశారా, వైద్యుడి వల్ల కాలేదు, నామమే మందు" అని సాఖీని అక్కడితో ఆపేస్తారు.

మనం అక్కడ ఆగకుండా మరో రెండు సంగతులు గమనిద్దాం.

మొదటిది. గురు సాహిబ్ వైద్యుణ్ని గుమ్మంలోంచే పంపేయలేదు. చేయి ఇచ్చారు, మాట్లాడారు. నొప్పి ఎక్కడ ఉందో చెప్పారు. నాడి పట్టుకుంటే దొరకని నొప్పి ఒకటి ఉందని, దాన్ని తెలుసుకోవాలంటే లోపలికి చూడాలని ఆయనకు నేర్పారు. ఒంట్లో ఏ పరీక్షలోనూ కనబడని బాధను మాటల ద్వారా వెతికే వైద్యం ఈరోజు ఉంది. ఆ వైద్యాన్ని కాదనడానికి ఈ సాఖీని వాడుకోవడం న్యాయమేనా?

రెండవది. గురు సాహిబ్ వేదన ప్రభువు కోసం పడ్డ విరహం, లోకం పడుతున్న బాధను చూసి కలిగిన తపన. ఆ స్థితి మహోన్నతమైనది. మన నిద్రలేమిని, మన భయాలను, చిన్ననాటి గాయాలను తెచ్చి ఆ విరహం పక్కన పెట్టి రెండూ ఒకటే అనడం వినయం అనిపించుకోదు. గురువు విరహానికి దర్శనమే మందు. మన డిప్రెషన్‌కు మాత్రం గురువు కృపతో పాటు, ఆ కృపతోనే లోకంలో ఉన్న వైద్యుడు కూడా కావాలి.

గురువులు మందును ఎన్నడూ చిన్నచూపు చూడలేదని చరిత్ర చెబుతుంది. గురు అర్జన్ దేవ్ జీ తర్న్ తారన్‌లో కుష్టురోగులకు ఆశ్రయం ఏర్పాటు చేశారు. గురు హర్‌రాయ్ జీ కీరత్‌పూర్‌లో మూలికల తోట పెంచారు, దవాఖానా నడిపారు. తన తాతగారిపై సైన్యం పంపిన షాజహాన్ కొడుకు దారా షికో జబ్బుపడితే, ఎక్కడా దొరకని మందు అక్కడి నుంచే వెళ్లింది. గురు హర్‌క్రిషన్ జీ 1664లో ఢిల్లీలో మశూచి సోకినవారికి సేవ చేస్తూ, ఎనిమిదేళ్లు నిండకుండానే జోతీజోత్ సమాయే. ఆనంద్‌పూర్ యుద్ధంలో భాయీ ఘనయ్యా జీ మనవాడు, పరాయివాడు అనే తేడా చూడకుండా గాయపడ్డవారికి నీళ్లు తాగించారు. ఆయన మీద ఫిర్యాదు వెళ్లినప్పుడు గురు గోబింద్ సింగ్ జీ సంతోషించి, నీళ్లతో పాటు మలాము, కట్టు కూడా చేతికిచ్చారు. "నామం జపిస్తే గాయం అదే మానుతుంది" అని పంపించలేదు. గాయం ఉన్నచోట మందు ఉండాలి. ఒంటి గాయమైనా మనసు గాయమైనా గురువు దృష్టిలో గాయమే.

హుకం అంటే చేతులు ముడుచుకోవడమా?

"ఇదంతా ప్రభువు హుకం, భరించాలి" అని ఇంకొకరు అంటారు. హుకంలో నడవడం సిక్కు జీవితానికి పునాది. కానీ హుకాన్ని మనం ఎలా అర్థం చేసుకుంటున్నాం? వాన కురవకపోవడం హుకమే అయినా రైతు బోరు వేయించకుండా ఊరుకోడు. జ్వరం హుకమే, పారాసిటమాల్ తయారుచేసే బుద్ధి మనిషికి ఇచ్చిందీ ఆ హుకమే. అలాంటప్పుడు మనసుకు వచ్చిన జ్వరం ఒక్కటే హుకం అని, దాని వైద్యం మాత్రం హుకం బయట ఉందని ఎలా అనగలం?

"కర్మఫలం" అనే మాటను కూడా మనం జాగ్రత్తగా వాడాలి. బాధపడుతున్నవారి ముందు ఆ మాట అంటే, నీ బాధకు నువ్వే కారణం అని ముద్ర వేసినట్టవుతుంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషి అప్పటికే రాత్రింబవళ్లు తనను తాను నిందించుకుంటూ ఉంటాడు. ఆ నిందకు మనం ధర్మం పేరు జోడించకూడదు.

ఇక తాయెత్తులు, మంత్రగాళ్లు, దిష్టి తీయించడం. పగలల్లా పనిచేయని మనిషికి, ఒంటరిగా ఏడ్చే మనిషికి ఎవరో చేతబడి చేశారని నమ్మి వేలకు వేలు పోసే ఇళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. సిక్కు రెహత్ మర్యాదా మంత్రతంత్రాలను, శకునాలను నమ్మవద్దని స్పష్టంగా చెబుతుంది. మన ఇళ్లలో కొందరు మంత్రగాడి దగ్గరికి గుట్టుగా వెళతారు, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మాత్రం సిగ్గుపడతారు. గురుమతం ప్రకారం చూస్తే ఇది పూర్తిగా తలకిందులైన పద్ధతి.

చఢ్దీ కళా, నవ్వు ముఖం

చఢ్దీ కళా అనే మాటను కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. "సిక్కువు కదా, చఢ్దీ కళాలో ఉండు" అని ఏడుస్తున్నవారి భుజం తట్టి వెళ్లిపోతాం. విన్నవారు కన్నీళ్లు తుడుచుకుని నవ్వు ముఖం తగిలించుకుంటారు. మరుసటి వారం దీవాన్‌కు రావడం మానేస్తారు.

మన అర్దాస్‌ను ఒకసారి గుర్తు చేసుకుందాం. ప్రతిరోజూ లేచి నిలబడి, ఎవరెవరి దేహాలు ముక్కలయ్యాయో, ఏ తల్లులు బిడ్డలను పోగొట్టుకున్నారో పేరుపేరునా, బాధబాధనా నోటితో చెబుతాం. ఆ తర్వాతే సర్బత్ దా భలా కోరతాం. మన పంథ్ తన గాయాలను దాచుకోలేదు. రోజూ నలుగురిలో చెప్పుకుని, ఆ చెప్పుకోవడంలోంచే బలం తెచ్చుకుంది. మన చఢ్దీ కళాకు దారి అర్దాస్ మీదుగానే వెళ్తుంది. పంథ్ తన దుఃఖాన్ని నోరు విప్పి చెప్పగలిగినప్పుడు, పంథ్‌లోని ఒక మనిషి తన దుఃఖాన్ని చెప్పుకుంటే తప్పు ఎలా అవుతుంది?

మరో సాఖీ ఉంది. గురు రామ్ దాస్ జీ తమ చిన్న కుమారుణ్ని బంధువుల పెళ్లికి లాహోర్ పంపి, పిలిచేదాకా అక్కడే ఉండమన్నారు. ఆ కుమారుడే తర్వాత గురు అర్జన్ దేవ్ జీ అయ్యారు. తండ్రిగురువుకు దూరమైన బాధను ఆయన లోపల అణచుకోలేదు. ఉత్తరంలో రాసి పంపారు. అన్న ప్రిథీ చంద్ దాన్ని మధ్యలోనే ఆపేశాడు. మళ్లీ రాశారు, అదీ అందలేదు. మూడవది అందింది. గురు సాహిబ్ వెంటనే పిలిపించుకున్నారు. మనసులోని వేదనను మాటల్లో పెట్టడం, వినగలిగినవారికి చేర్చడం, ఒకసారి చేరకపోతే మళ్లీ ప్రయత్నించడం ఈ సాఖీలో మనకు కనిపిస్తాయి. మొదటి డాక్టరు సరిగా వినలేదని ఇంటికి వచ్చి కూర్చున్నవారు ఈ మూడు ఉత్తరాల సాఖీని తలచుకోవాలి.

ఆ గదిలో ఏం జరుగుతుంది?

చాలామందికి ఉన్న భయం తెలియనిదాని భయం. సినిమాల్లో చూసిన కరెంటు షాకులు, గొలుసులు, పిచ్చాసుపత్రి అనే మాట మనసులో ఉంటాయి. నిజంగా ఏం జరుగుతుందో చెప్పుకుందాం.

టాకింగ్ థెరపీ అంటే మాటల ద్వారా చేసే వైద్యం. సాధారణంగా వారానికి ఒకసారి, ముప్పావు గంట నుంచి గంట వరకు ఉంటుంది. మొదటి రోజు నిద్ర, ఆకలి, పని, కుటుంబం, ఎప్పటి నుంచి బాధ, చనిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని అడుగుతారు. చెప్పలేనిది ఆ రోజే చెప్పాలనే బలవంతం ఉండదు. ఆ తర్వాత, మీకు ఏం మారాలి అని ఇద్దరూ కలిసి ఒక లక్ష్యం పెట్టుకుంటారు.

థెరపీలో రకాలున్నాయి. అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన పద్ధతి ఈరోజు ఎక్కువగా వాడుకలో ఉన్న సి.బి.టి.కి ఆధారం. మన ఆలోచన, మన భావం, మన ప్రవర్తన ఒకదాన్ని ఒకటి లాగుతాయని అది చెబుతుంది. పైన ఊహించుకున్న గృహస్థుకు కొడుకు గొంతు పెంచగానే "నన్ను లెక్కచేయడం లేదు" అనే ఆలోచన మెరుపులా వస్తుంది. దాని వెనకే కోపం, దాని వెనకే అరుపు. థెరపిస్టు ఆ మెరుపును ఆపి చూడడం నేర్పుతారు. ఆ ఆలోచనకు ఆధారం ఉందా? ఇది ఈనాటి కొడుకు గొంతా, ఆనాటి తండ్రి గొంతా? ఇంట్లో రాసుకోవడానికి, ఆచరించి చూడడానికి చిన్నచిన్న పనులు ఇస్తారు. కొన్ని వారాలు, కొన్ని నెలలు పడుతుంది. ఒక్క రోజులో మారిపోవడం ఉండదు.

నలభై ఏళ్లు వచ్చాక ఇంకేం మారుతుంది అని కొందరు అంటారు. గురు అమర్ దాస్ జీ గురుశరణం చేరేనాటికి అరవై దాటారు. మనిషి మారడానికి వయసు అడ్డు అని మన చరిత్ర చెప్పడం లేదు.

చెప్పినవి బయటికి పోతాయేమోనన్న భయం కూడా సహజమే. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇస్తుంది. ప్రాణానికి ముప్పు ఉందనిపించినప్పుడు, ఇంకా చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో మాత్రమే దానికి మినహాయింపు. శరీర జబ్బులకు ఉన్నట్టే మానసిక జబ్బులకూ వైద్య బీమా ఉండాలని అదే చట్టం చెబుతుంది. బీమా ఉన్నవారు తమ పాలసీ ఏమేం భరిస్తుందో అడిగి తెలుసుకోవాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తర్వాత మానసిక వైద్యంలో పై చదువు చదివిన డాక్టరు. మందులు రాసేది ఈయన. క్లినికల్ సైకాలజిస్టు మాటల వైద్యంలో శిక్షణ పొందినవారు. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఉందా అని అడగడం మర్యాద తప్పడం కాదు. బాధ తీవ్రంగా ఉంటే మందు, మాట రెండూ అవసరం పడవచ్చు. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలుపెట్టడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. వారం చూసి ఫలితం లేదని, నెల చూసి తగ్గిపోయిందని సొంతంగా ఆపేయకూడదు. ఎప్పుడు, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. ఒక్కోసారి థైరాయిడ్ లోపం, రక్తహీనత వంటివి కూడా నీరసంగా, దిగులుగా అనిపించేలా చేస్తాయి. అందుకే ముందు మామూలు డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

ఫీజు కట్టలేనివారికి ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల తెలుగువారికి తెలిసినవే. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓ.పీ. ఉంటుంది. ప్రయాణం కూడా కష్టమైనవారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మనకు ప్రత్యేకంగా ఒక మాట. మీ కేశాలు, మీ కకార్లు, మీ నిత్‌నేమ్ మీ జీవితంలో ఎంత ముఖ్యమో థెరపిస్టుకు మొదటే చెప్పండి. మంచి థెరపిస్టు వాటిని గౌరవిస్తారు, మీ బలంగా లెక్కవేస్తారు. మీ ధర్మాన్ని వెక్కిరించేవారు ఎదురైతే మరొకరి దగ్గరికి మారండి. అంతేగాని వైద్యమే మానుకోవద్దు.

నామం చేసే పని, వైద్యం చేసే పని

మరి సిమ్రన్ ఎందుకు? ఈ ప్రశ్న కొందరు బెంగతో అడుగుతారు, కొందరు పరీక్షించడానికి అడుగుతారు. గురుబాణి అహంకారాన్ని, అంటే హౌమైని, మనిషికి పట్టిన దీర్ఘరోగంగా చూపుతుంది. ఆ రోగానికి మందు గురుశబ్దం. ఏ థెరపిస్టూ ఆ మందు ఇవ్వలేడు, ఇస్తానని అనడు కూడా. మనిషి ఎందుకు బతకాలి, ఎవరి ముందు తల వంచాలి అనే ప్రశ్నలకు సమాధానం గురువు దగ్గరే ఉంది.

కానీ వేళ్లు విరిగినవాడు హార్మోనియం వాయించలేడు. ముందు ఎముక అతకాలి. మనసు విరిగినవారికి సిమ్రన్‌లో కూర్చుంటే ఏకాగ్రత కుదరదు. కుదరలేదని అపరాధభావం, దానితో మరింత చీకటి. అలాంటివారితో "ఇంకా ఎక్కువ పాఠ్ చెయ్యి, నీ శ్రద్ధలో లోపం ఉంది" అంటే, విరిగిన చేత్తో ఇంకా గట్టిగా వాయించమన్నట్టే. వైద్యం ఆ చేతిని అతుకుతుంది. తర్వాత కీర్తన మళ్లీ వినబడుతుంది. అప్పటిదాకా గంటసేపు పాఠ్ చేయలేనివారు ఒక్కసారి "వాహెగురూ" అన్నా గురువు వింటాడు. అదీ అనలేని రోజు పక్కన కూర్చుని మనం అందాం.

సంగత్ చేయవలసిన సేవ

1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఒక కొత్త పని చేశారు. రోగుల్ని అక్కడ వదిలేసి వెళ్లిపోయే కుటుంబాలను వెనక్కి పిలిచి, ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి రోగితో పాటు ఉండనిచ్చారు. జబ్బు ఏమిటో, ఎలా చూసుకోవాలో వారికి నేర్పించారు. అయినవాళ్లు పక్కన ఉన్న రోగులు కోలుకుని ఇళ్లకు వెళ్లారు. మన దేశంలో మానసిక వైద్యం గురించి రాసేవారు ఆ గుడారాలను ఇప్పటికీ తలుచుకుంటారు.

అదే అమృత్‌సర్‌లో భగత్ పూరన్ సింగ్ జీ పింగల్‌వాడాను నడిపారు. లాహోర్ గురుద్వారా గుమ్మంలో ఎవరో వదిలేసిన వికలాంగ బాలుణ్ని ఏళ్ల తరబడి వీపున మోసిన మనిషి ఆయన. 1947లో విభజన తర్వాత ఆ పిల్లాడితోనే అమృత్‌సర్ వచ్చారు. మతిస్థిమితం తప్పి వీధుల్లో తిరిగేవారిని చేరదీసి, కడిగి, అన్నం పెట్టారు.

మనలో ప్రతి ఒక్కరం పింగల్‌వాడా కట్టలేం. ఒక గుడారంగా మాత్రం ఉండగలం. దానికి ఏం చేయాలి?

ఎవరైనా బాధ చెప్పుకుంటుంటే మధ్యలో ఉపదేశం మొదలుపెట్టకుండా చివరిదాకా విందాం. "నీకేం తక్కువ? ఇల్లుంది, పిల్లలున్నారు" అనే మాట మానుకుందాం. విన్నదాన్ని లంగర్ వంటగదికి మోసుకెళ్లకుండా ఉందాం. చాలామంది నోరు విప్పకపోవడానికి కారణం, రేపు పిల్ల పెళ్లి సంబంధానికి అడ్డొస్తుందన్న భయమే. మానసిక వైద్యం చేయించుకున్న ఇల్లు అని సంబంధం వదులుకునేవారు, దాచిపెట్టి మందు మాన్పించిన ఇంటికన్నా చూపించుకున్న ఇల్లే నయమని గ్రహించాలి.

భర్తకు చెప్పుకోలేని భైన్ జీ ఉంటే సంగత్‌లోని పెద్ద బీబీలలో ఒకరు తోడుగా ఆసుపత్రికి వెళ్లాలి. "పద వీర్ జీ, నేను బయట కూర్చుంటాను, నువ్వు లోపల మాట్లాడి రా" అనే ఒక్క మాటతో ఏళ్ల తరబడి వాయిదా పడ్డ పని జరిగిపోతుంది. మందుకు డబ్బులేని ఇంటికి దశ్వంధ్ నుంచి సాయం అందవచ్చు. మత్తుకు, మద్యానికి అలవాటుపడినవారిని తిట్టి దూరం పెట్టేముందు, ఆ సీసా వెనక దాచిన నొప్పి ఏమిటని అడగాలి, చికిత్సకు తీసుకెళ్లాలి.

గ్రంథీ సింగ్‌లకు, ప్రచారకులకు ఒక విన్నపం. బాధలో ఉన్నవారు మొదట వచ్చేది మీ దగ్గరికే. అర్దాస్ చేయండి, ధైర్యం చెప్పండి. ఆ వెంటనే డాక్టరు దగ్గరికి పంపండి. ఇన్ని పాఠ్‌లు చేయిస్తే జబ్బు పోతుందని మాట ఇవ్వకండి. గురుద్వారా నోటీసు బోర్డు మీద గురుపురబ్ తేదీల పక్కన 14416 నంబరు కూడా రాయించండి. ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైన అక్టోబరు 10 దగ్గరలోని ఆదివారం దీవాన్‌లో ఒక సైకియాట్రిస్టును పిలిచి అరగంట మాట్లాడించండి.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

"నేను లేకపోతేనే మీకు సుఖం" అని ఎవరైనా అంటే తేలిగ్గా తీసుకోవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, ప్రేమగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచనను చెప్పుకునే దారి దొరుకుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో పురుగుల మందు, ఎక్కువగా ఉన్న మాత్రలు వారికి అందకుండా తీసేయాలి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రమాదం వెంటనే ఉంటే 112కు ఫోన్ చేయాలి. పోలీసు కేసు భయంతో ఆలస్యం చేయవద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వారికి సంరక్షణ అందించాలని 2017 చట్టం చెబుతుంది.

ఎవరైనా ఇప్పటికే ఆ దారిలో వెళ్లిపోయి ఉంటే, ఆ కుటుంబం ముందు పాపం, నరకం అనే మాటలు ఎత్తవద్దు. భోగ్‌కు వెళదాం, పక్కన కూర్చుందాం. రెండో నెలలో, ఆరో నెలలో కూడా వెళదాం. ఆ ఇంట్లో మిగిలినవారికి కూడా వైద్యం అవసరం కావచ్చు.

చివరిగా, ఇది చదువుతూ తన గురించే రాశారని అనుకుంటున్నవారికి. మీరు గురువుకు దూరం కాలేదు. మీ శ్రద్ధ తక్కువ కాలేదు. జబ్బు చేసింది, అంతే. దానికి వైద్యం ఉంది. మీరు నమ్మే ఒక్కరికి ఈరోజే చెప్పండి. ఎవరూ కనబడకపోతే ఆ నంబరుకు ఫోన్ చేయండి. ఆసుపత్రి వరండాలో ఓ.పీ. చీటీ పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా మీరు గురువు నీడలోనే ఉన్నారని గుర్తుంచుకోండి.

చెప్పలేక లోలోపల కుమిలేవారికి మాట, వినేవారికి ఓర్పు, వైద్యుల చేతికి చలవ ఇవ్వమని సచ్చే పాత్‌షా ముందు మనమంతా కలిసి అర్దాస్ చేద్దాం. సర్బత్ దా భలా.

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతే.